పొరలమ్మా, పండ్లగుజ్జు పాకెట్టూ

"అత్తా, పాకెట్‌ని పాకెట్‌లాగే వేడినీళ్ళలో పెట్టేశాను. పాప సగం తినేసింది కూడా. ఇప్పుడా ప్లాస్టిక్‌లోది ఏదైనా దాని పొట్టలోకి దిగిపోయుంటే?"

"ముందు ఊపిరి పీల్చుకో. పాప ఏం చేస్తోంది?"

"నవ్వుతోంది."

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

"ఏడవట్లేదు. మూత తియ్యగానే ఒకలాంటి వాసనొచ్చిందత్తా. వేడి తగిలితే అణువులు ఊరికే కూర్చోవు కదా!"

"అణువులూ కూర్చోవు, నువ్వూ కూర్చోవు. ఆ పాకెట్ పారెయ్యకుండా పట్టుకురా. కడగొద్దు. నేను ల్యాబ్‌లోనే ఉంటాను."

ఫోన్ పెట్టేసి చెప్పులు వెతుక్కుంటుంటే మా ఆవిడ పాప మూతి తుడుస్తూ అంది. "తీసుకెళ్ళాల్సింది పాకెట్‌ని. కంగారులో పిల్లనెత్తుకుని పాకెట్ నాకిచ్చి వెళ్ళేవు."

మా ఇంట్లో ప్లాస్టిక్ అనుమానాలన్నీ మా మేనత్త దగ్గరికే వెళతాయి. అందరిళ్ళలోనూ డాక్టరో ప్లీడరో ఒక చుట్టం ఉంటారు. మాకు ఈమె ఉంది. ఆమె పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, తినే వస్తువులకి చుట్టే ప్లాస్టిక్ కవర్లు దేనితో తయారయ్యాయో వాటి మీద వెలుగు వేసి కనిపెట్టడం. బిస్కెట్ కాగితం, పాల పాకెట్, రొట్టె సంచి, ఏదైనా సరే. ల్యాబ్‌లో ఆమెని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పొరలమ్మ.

ఆ పేరు వెనక ఒక గొడవుంది. ఒక కంపెనీ మేనేజరు తమ చిప్స్ కవరు పరీక్షకి తెచ్చి, "ఇందులో అయిదు పొరలున్నాయి, సరిచూసి చెప్పండి చాలు" అన్నాడట. మా అత్త ఆ కవరుని అడ్డంగా కోసి, అంచుని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో పొర మీదా వెలుగు వేసి, ఆరు అంది. ఆయన అయిదే అన్నాడు. ఈమె ఆరే అంది. ఆయన గొంతు పెంచాడు. ఈమె ఇంకాస్త పెంచింది. చివరికి తేలిందేమిటంటే, రెండు పొరలని అతికించే జిగురుని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. "జిగురు లేకపోతే మీ అయిదుగురూ కలిసుంటారా? సంసారంలో అసలు పని చేసేవాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు" అందట. ఆ మేనేజరే నవ్వి, పొరలమ్మ అని పేరు పెట్టి వెళ్ళాడు. ఆ పేరంటే అత్తకి మహా గర్వం. టీ కప్పు మీద కూడా రాయించుకుంది.

వినయం ఆమె ఒంటికి పడదు. "ఈ ఊళ్ళో ప్లాస్టిక్ నాకు భయపడుతుంది" అంటుంది, నవ్వకుండా. కొట్టుకెళితే ఏ పాకెట్ కొనబోయినా ముందు చెవి దగ్గర పెట్టుకుని నలుపుతుంది. చప్పుడు గలగలమంటే ఒకటి, బుసబుసమంటే ఇంకొకటి. కొట్టతను "అమ్మా, అది రేడియో కాదు" అని మొత్తుకున్నా వినదు. మా మామయ్య బస్సు డ్రైవరు. ఆయన వాళ్ళ పెళ్ళి సంగతి ఇలా చెబుతాడు. "మొదటిసారి చూసినప్పుడు బిస్కెట్ పాకెట్ ఇచ్చాను. బిస్కెట్లు నా చేతిలో పెట్టి కాగితం తను తీసుకుంది. నా వాటాకి ఎప్పుడూ లోటు రాదని అప్పుడే తెలిసిపోయింది, ఒప్పేసుకున్నాను."

మా తాతకి చిన్న పచారీ కొట్టుండేది. అత్త చిన్నప్పుడు అక్కడ కూర్చుని పాత కాగితాలతో పొట్లాలు కట్టేదట. కాగితం పొట్లాలు పోయి ప్లాస్టిక్ సంచులొచ్చిన రోజుల్లో, అన్ని సంచులూ చూడ్డానికి ఒకలాగే ఉన్నా కొన్నిట్లో కారం రంగు మారడం, కొన్నిట్లో మారకపోవడం గమనించింది. ఎందుకని తాతని అడిగితే, "సంచుల్ని అడుగు" అన్నాడాయన. అక్కడ్నించి రసాయనశాస్త్రం చదివి, ల్యాబ్‌లో ఉద్యోగానికి వెళ్ళింది. ఈ పని ఎందుకు కావాలని వాళ్ళడిగితే, "పొట్లం కట్టడం వచ్చు, విప్పడం నేర్చుకుందామని" అందట. అప్పట్నించీ విప్పుతూనే ఉంది.

నేను చదివింది భౌతికశాస్త్రం. హైస్కూల్లో పాఠాలు చెబుతాను. వెలుగంటే ఏమిటో బోర్డు మీద బొమ్మలేసి చెప్పగలను. దాంతో మా ఇద్దరికీ ఎప్పుడూ పోటీయే. "నీ వెలుగు పరీక్షలో మార్కులు తెస్తుంది, నా వెలుగు దొంగల్ని పట్టిస్తుంది" అంటుంది. "నా వెలుగు అర్థం కాకపోతే నీ మిషను ఉత్త డబ్బా" అంటాను నేను. ఇద్దరం నిజమే చెబుతాం, ఇద్దరం ఒప్పుకోం.

ఆ రోజు మాత్రం పోటీకి ఓపిక లేదు. బస్సులో పాకెట్‌ని ఒడిలో పెట్టుకుని, ఏదో దెబ్బతిన్న పక్షిని పట్టుకెళుతున్నట్టు కూర్చున్నాను.

ల్యాబ్ టైర్ల కొట్టు పైన, మొదటి అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కేటప్పుడు రబ్బరు వాసన, తలుపు తీస్తే స్పిరిట్ వాసన. కిటికీ పక్కన పొడవాటి బల్ల, దాని మీద రొట్టెల పెట్టె అంత మిషను. అత్త కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, అదే కళ్ళజోడు కోసం సొరుగులో వెతుకుతోంది.

"నెత్తి మీదుందత్తా."

"తెలుసు. ఇంకోటుంది, దానికోసం." లేదు. ఇంకోటి లేదు. అయినా సొరుగు మూసి, నా చేతిలో పాకెట్ లాక్కుని వెనక్కీ ముందుకీ తిప్పింది. ఆమె మొహంలో చిన్న మార్పు. "ఇది గుజ్జావిడ పాకెట్టే!"

"ఎవరా గుజ్జావిడ?"

ఆ పాకెట్లు తయారుచేసే ఆవిడ. పిల్లల్ని చూసుకునే బడిలో వంటమనిషిగా చాలాకాలం చేసి, ఈ మధ్యే సొంతంగా పండ్లగుజ్జు పాకెట్లు మొదలుపెట్టింది. పాకెట్లకి వాడే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్‌ని పోయినవారమే ఈ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుంది. చేసింది మా అత్తే. బాగుందని సంతకం పెట్టిందీ ఆమే. మొదటి పెద్ద సరుకు ఈ రోజు మధ్యాహ్నం ఊళ్ళో కొట్లకీ, పిల్లల బడులకీ వెళుతోంది. మాకు దొరికింది వీధి చివర కొట్టులో నమూనాకిచ్చిన పాకెట్ అన్నమాట.

"నేను బాగుందన్న పాకెట్‌కే నువ్వు వణికిపోతున్నావా? రా, నీ దెయ్యాన్ని నీకే చూపిస్తాను. ముందు ఇవి వేసుకో" అని గ్లౌజుల పెట్టె ముందుకి తోసింది. పల్చగా, అద్దంలా ఉన్నాయి. పాత నీలం రంగువి చేతులకి దురద పెడుతున్నాయని స్టోరువాళ్ళతో పోట్లాడి ఈ వారమే తెప్పించుకుందట. "చూడు, ఎంత మెత్తగా ఉన్నాయో. వేసుకున్నట్టే తెలీదు."

పాకెట్‌ని మధ్యకి కోసి, సగం పక్కన పెట్టి, మిగతా సగానికి అంటుకున్న గుజ్జు నీళ్ళతో కడిగింది. దూది ఉండని స్పిరిట్‌లో ముంచి లోపలివైపంతా శుభ్రంగా తుడిచింది. గోరంత ముక్క కత్తిరించింది. ఆ మిషను మధ్యలో ఆవగింజంత వజ్రం ఒకటుంది. ముక్కని లోపలివైపు కిందకి ఉండేలా దాని మీద పెట్టి, పైనుంచి చిన్న లోహపు చెయ్యి దించి నొక్కింది.

ఆ వజ్రం కిందనుంచి కంటికి కనిపించని వెచ్చటి వెలుగు వస్తుంది. పరారుణం అంటాం మేం బళ్ళో. ఏ పదార్థమైనా ఆ వెలుగులో తనకి నచ్చిన భాగాలు తాగేసి, మిగతాది వెనక్కి పంపేస్తుంది. ఎక్కడెక్కడ వెలుగు తగ్గిందో మిషను గీత గీస్తే, తగ్గినచోటల్లా ఒక శిఖరం లేస్తుంది. ఆ శిఖరాలు చూస్తే తాగిందెవరో తెలిసిపోతుంది.

"లోపలి పొర పాలిథిన్" అంది అత్త తెర వైపు తిరిగి. "అది మితభాషి. ఎడమవైపు పొడుగ్గా రెండు, మధ్యలో పొట్టిగా ఓ జంట, కుడి చివర ఓ జంట. అంతే. ఇంకో మాట మాట్లాడదు."

తెర మీద గీత లేచింది. ఎడమవైపు పొడుగ్గా రెండు. కుడి చివర ఓ జంట. మధ్యలో పొట్టి జంట. దానికి కాస్త ఎడమగా, ఎవరూ పిలవని చుట్టంలా, ఇంకో శిఖరం. దాని పక్కనే ఇంకో రెండు.

నేను అత్త మొహం చూశాను. అత్త తెర చూస్తోంది.

"అదేంటత్తా?"

అత్త కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. మిషనులో దాచిన పాత గీతల్లోంచి ఒకటి తీసి, దీని మీద పరిచింది. రెండూ అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

"మెత్తదనం కోసం కలిపే నూనె" అంది నెమ్మదిగా. "గట్టి ప్లాస్టిక్‌ని వంగేలా చెయ్యడానికి కలుపుతారు. ఇందులో ఉండకూడదు. పిల్లల తిండి తగిలేచోట అసలే ఉండకూడదు."

స్టూలు దగ్గరికి లాక్కుని మా ఆవిడకి ఫోన్ చేశాను. "గిన్నెలోకి తీసిన మిగతా సగం పెట్టకు. కొట్టువాడిచ్చిన రెండోది కూడా ముట్టుకోకు. పాప ఎలా ఉంది?"

"నీ సాక్సు నములుతోంది."

"దాన్నీ లాగెయ్!"

అత్త అప్పటికే బీరువా తీసింది. పరీక్షకొచ్చిన ప్రతి ఫిల్మ్‌లోంచీ ఒక ముక్క దాచి ఉంచుతారు. గుజ్జావిడ ఇచ్చిన ఫిల్మ్ చుట్టలోంచి దాచిన ముక్క తీసి, మళ్ళీ అంతా మొదటినుంచీ చేసింది. తుడిచింది, కోసింది, పెట్టింది, నొక్కింది. పిలవని చుట్టం మళ్ళీ వచ్చి కూర్చుంది.

"పోయినవారం ఇది లేదు. ఇదే ముక్క. నా కళ్ళతో చూశాను" అంది. ఎప్పుడూ లేనిది ఆమె గొంతు చిన్నదైంది. నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే.

సందడి విని పెద్దసారు వచ్చాడు. ల్యాబ్ అధిపతి, నెమ్మదైన మనిషి, మాట కూడా తూకం వేసి వదులుతాడు. తెర చూసి గెడ్డం రుద్దుకున్నాడు. "తొందరపడొద్దు. ముందు మనం ఇంకో నాలుగుసార్లు చూసుకుందాం. తేలాక చెబుదాం. బండి వెళ్ళిపోయినా పాకెట్లు వెనక్కి పిలిపించొచ్చు కదా."

"పాకెట్లు వెనక్కొస్తాయి సార్. పిల్లలు తిన్నది వెనక్కి రాదు."

"మీ సంతకం ఉంది దాని మీద. తప్పని మీరే చెబితే..."

"ఉంది కాబట్టే నేనే చెప్పాలి" అని గుజ్జావిడకి ఫోన్ చేసింది. అవతలి గొంతు నాకూ వినిపించింది. "బండి బయల్దేరుతోంది మేడమ్, తర్వాత మాట్లాడతాను."

"ఆపండి."

"ఏమిటీ?"

"బండి ఆపండి. మీ ఫిల్మ్‌లో ఏదో కనిపిస్తోంది. తప్పు మీదో నాదో ఇంకా తెలీదు. తెలిసేదాకా ఒక్క పాకెట్ కూడా కొట్లకి వెళ్ళకూడదు."

ఆ తర్వాత అవతలనుంచి వినిపించింది ఫోన్ లేకపోయినా వినిపించేదే.

గుజ్జావిడ ఆ బండిలోనే వచ్చింది, తనే నడుపుకుంటూ. కిందనుంచి హారన్, మెట్ల మీద అడుగులు, ఆ తర్వాత తలుపు. పొట్టిగా, గుండ్రంగా, నెత్తికి వంటగది టోపీతోనే ఉంది. చంకలో ఫిల్మ్ చుట్ట.

"బాగుందన్నది మీరే! ఇప్పుడు బాలేదంటున్నదీ మీరే! నోరా, నీళ్ళకుండీ పైపా? ఈ మాట చెప్పడానికి బండి నిండా సరుకు సర్దేదాకా ఆగారా?"

"కూర్చోండమ్మా."

"కూర్చోను! ఈ సరుకు వెనక్కెళితే నా యూనిట్‌కి తాళం పడుతుంది. బడిలో పిల్లలకి ఇన్నాళ్ళూ నా చేత్తో వండిపెట్టాను. వాళ్ళకి నేను విషం పెడతానా?"

"పెడతారని నేననలేదు."

"మీ మిషను అంటోందిగా! ఎవరితను?" అంది నన్ను చూసి.

"మా మేనల్లుడు. మీ పాకెట్ తిన్న పాప తండ్రి."

ఆవిడ కోపం ఠక్కున సగానికి దిగింది. "పాపకేమైనా...?"

"సాక్సు నములుతోందండి" అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, చుట్టని బల్ల మీద దడాలున పెట్టింది. "ఇదుగో, ఇప్పుడే పాకెట్లు కట్టే మిషన్లోంచి తీసుకొచ్చాను. నా కళ్ళముందు చూపించండి." అత్త చెయ్యి చాపింది. ఆవిడ చుట్టని వెనక్కి లాక్కుంది. "మీరు ముట్టుకోవద్దు! మీ మీద నమ్మకం పోయింది. ఎక్కడ పెట్టాలో చెప్పండి, నేనే పెడతాను."

పెద్దసారు "నియమాల ప్రకారం..." అని మొదలుపెట్టాడు. అత్త అతన్ని చూపుతోనే ఆపింది. "పెట్టనివ్వండి."

గుజ్జావిడ చుట్ట విప్పి, పై రెండు వరసలు చింపి పారేసి, లోపలినుంచి ఒక ముక్క కత్తిరించి, అంచు పట్టుకుని వజ్రం మీద పెట్టింది. తుడవలేదు, కడగలేదు. అత్త లోహపు చెయ్యి దించింది. అందరం తెర వైపు వంగాం.

పొడుగ్గా రెండు. పొట్టిగా జంట. చివర జంట. అంతే. ఇంకో మాట లేదు.

"ఏది? ఎక్కడుంది?" అంది గుజ్జావిడ.

లేదు. పిలవని చుట్టం రాలేదు. నాకు ఒక్క క్షణం ఆనందం, మరుక్షణం అనుమానం. చుట్టలో ఒకచోట ఉండి ఇంకోచోట లేదేమో! అదే మాట పైకి అనబోతుంటే, అత్త చెయ్యి ఎత్తి ఆపింది. ఆమె తెర చూడట్లేదు. తన చేతులు చూసుకుంటోంది. వేళ్ళు ఒకదానికొకటి రుద్దింది. స్పిరిట్ తడికి గ్లౌజు చివర్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

ఆ ముక్కని తీసి, అదే గ్లౌజు వేలిని స్పిరిట్‌లో ముంచి, ముక్క మీద ఒక్కసారి అద్ది, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టింది.

పిలవని చుట్టం వచ్చింది. పక్కవాళ్ళతో సహా.

అప్పుడు మా అత్త చేసిన పని నేను మర్చిపోలేను. గ్లౌజు తీసి, దాని వేలినే కత్తెరతో కోసి, వజ్రం మీద పెట్టి నొక్కింది. తెర మీద ఆ శిఖరం ఆకాశానికి లేచింది. ఇందాక ఫిల్మ్ మీద పిల్లగా కనిపించింది, ఇక్కడ తల్లిలా నిలబడింది.

"ఆ మెత్తదనం" అంది అత్త. "వేసుకున్నట్టే తెలీదన్నాను కదా. తెలీకుండా ఉండటానికే ఆ నూనె. దూది పట్టుకుని తుడిచినప్పుడు స్పిరిట్ ఆ నూనెని గ్లౌజులోంచి లాగి ఫిల్మ్‌కి పూసింది. శుభ్రం చేస్తున్నాననుకుంటూ మురికి చేసింది నేనే."

పెద్దసారు గెడ్డం రుద్దుకోవడం కూడా ఆపేశాడు. చేతులకి గ్లౌజులు వేసుకోవడమే శుభ్రం అనుకునేవాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన తప్పు అది. మామూలు మనుషులెవరికీ సాధ్యం కాదు. నాకూ తట్టలేదు. బళ్ళో పిల్లలకి కొలత పొరపాట్ల గురించి ఒక పాఠం మొత్తం చెప్పేవాణ్ణి, ఆ గ్లౌజులే వేసుకుని పక్కన నిలబడ్డాను.

గుజ్జావిడే ముందు తేరుకుంది. "అంటే... చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట!"

"అంతే అన్నమాట" అంది అత్త. "పోయినవారం పాత గ్లౌజులతో చూశాను, అందుకే అప్పుడు లేదు. మీ ఫిల్మ్‌కి ఏ దోషమూ లేదమ్మా. తప్పు నాది. ఈ గ్లౌజులు కావాలని పోట్లాడిందీ నేనే, మిమ్మల్ని ఆపిందీ నేనే. అయితే ఆగండి, ఊరికే మాట మీద వెళ్ళొద్దు."

కొత్త పట్టకార్లతో, గ్లౌజులు లేకుండా, బీరువాలో దాచిన ముక్కలో తుడవని భాగం చూసింది. మితభాషి. మా ఇంటి పాకెట్‌లో పక్కన పెట్టిన రెండో సగాన్ని నీళ్ళతో మాత్రమే కడిగి చూసింది. మితభాషి. నాకోసం ఆ ఒక్కటీ ఇంకోసారి చూసింది. అప్పుడు నేను అనుమానం కొద్దీ అడిగాను. "మరీ కొంచెమే ఉంటే ఈ వెలుగుకి కనిపించదు కదత్తా?"

"కనిపించదు. నీ చదువు వృథా పోలేదు" అంది. "అందుకే వేడి చేసి, లోపల పోసినదాంట్లోకి ఏమైనా దిగిందా అని చూసే పరీక్ష పక్క గదిలో వేరేవాళ్ళు చేస్తారు. అదీ అయింది, అదీ బాగుంది. నీకొచ్చిన వాసన మూత ప్లాస్టిక్‌ది. అయినా ఇకనించీ గిన్నెలో పోసుకుని వెచ్చబెట్టు. పాకెట్ మోయడానికి, వండడానికి కాదు."

గుజ్జావిడ చుట్ట చంకలో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి ఆగింది. "మేడమ్, మీరు నాకు ముందే చెప్పకుండా, లోపల్లోపల చూసుకుని ఊరుకునుంటే నాకసలు తెలిసేదే కాదు. ఈ పరుగూ ఉండేది కాదు."

"అవును. మీ సగం రోజు పాడైంది."

"పాడైంది" అని ఒప్పుకుంది ఆవిడ. "కానీ ఒకవేళ నిజమైతే? చెప్పే మనిషి ఒకరున్నారని తెలిసింది. వచ్చే చుట్ట కూడా మీకే పంపిస్తాను. పెట్టేది మాత్రం నేనే." మెట్లు దిగుతూ కిందనుంచి అరిచింది. "ఏమండీ పాప తండ్రీ! బండి మీ వీధి మీదుగానే వెళుతుంది, ఎక్కుతారా?"

వస్తానన్నాను. కానీ అత్త నన్ను ఒక నిమిషం ఆపింది. ఆ గ్లౌజుల పెట్టె మీద లావుపాటి అక్షరాలతో "ఫిల్మ్ ముట్టుకోవద్దు" అని రాసి, కింద తన సంతకం పెట్టింది. జరిగింది జరిగినట్టు రాసిస్తానని పెద్దసారుతో చెప్పింది. ఆయన, "మీరే కనిపెట్టారని రాయండి" అన్నాడు. "నేనే చేశాను, ఆవిడ కనిపెట్టించింది, అని రాస్తాను. అయినా ఈ ఊళ్ళో ప్లాస్టిక్ ఇవాళొక్కరోజు నన్ను చూసి నవ్వుకోనీ. రేపట్నించి మళ్ళీ భయపడుతుంది" అంది మా అత్త.

మెట్ల దగ్గర అడిగాను. "అత్తా, నాకు రోజూ ఏదో ఒక భయమే. ఇవాళ పాకెట్, నిన్న దుప్పటి రంగు, మొన్న దగ్గు. నువ్వు ఇన్నేళ్ళూ ఇలాంటివి చూస్తూ భయపడకుండా ఎలా ఉన్నావు?"

"భయపడకుండా ఎవరున్నారు? ఇందాక నా గొంతు నువ్వు వినలేదా?"

"విన్నాను. అందుకే అడుగుతున్నాను."

ఆమె కాసేపు మెట్ల కమ్మీ పట్టుకుని కింద టైర్లు దొర్లించేవాళ్ళని చూసింది.

"భయం తప్పు కాదురా అల్లుడూ. బండి ఆపించడమూ తప్పు కాదు. కానీ మనం ఏమీ పెట్టకుండా మిషనుని ఖాళీగా ఒకసారి నడిపి చూస్తాం, వజ్రాన్ని చూస్తాం, చేతుల్ని చూడం. నువ్వూ అంతే. పాపని ముట్టుకుని, ఒళ్ళు కాలిపోతోందని ఫోన్ చేస్తావు. ఈసారి చేసేముందు అదే చెయ్యి నీ మెడ మీద పెట్టుకుని చూడు. నీ మెడ కూడా కాలుతున్నట్టుంటే, కుళాయి కింద చల్లబడింది నీ చెయ్యన్నమాట, కాలేది పాప కాదు. నీ మెడ మామూలుగా ఉండి, పాప ఒక్కతే వేడిగా ఉంటే మాత్రం ఆలోచించకు. డాక్టరు దగ్గరికి పరిగెత్తు. దారిలో నాకు ఫోన్ చెయ్యి."

ఇప్పుడు అలాగే చేస్తున్నాను. పాపని ఎత్తుకుని భయం వేసినప్పుడల్లా ముందు నా మెడ, తర్వాత పాప మెడ. మా ఆవిడ దూరం నుంచి చూసి, "మీ ఇద్దర్లో ఎవరికట జ్వరం?" అంటుంది. చాలాసార్లు ఎవరికీ ఉండదు. ఒక్కసారి మాత్రం నిజంగానే పాపకుంది. ఆ రోజు ఆలోచించలేదు, పరిగెత్తాను. దారిలో అత్తకి ఫోన్ చేశాను.

"మెడ చూసుకున్నావా?" అంది.

"చూసుకున్నానత్తా."

"అయితే వస్తున్నాను."